నోట్లోది వదిలేయడం నేర్పించిన హోమ్ ట్రైనర్: మా మల్లితో మా అనుభవం

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి నాలుగు స్టార్లు. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద రాస్తాను, కానీ ఆ నాలుగూ మాత్రం మనస్ఫూర్తిగా ఇస్తున్నవి. మాది నిజాంపేట వైపు అపార్ట్‌మెంట్. మల్లి మా వీధిలోనే పుట్టిన నాటు కుక్క, పిల్లగా ఉన్నప్పుడే ఇంట్లోకి తెచ్చుకున్నాం. కూర్చోమంటే కూర్చుంటుంది, లిఫ్ట్‌లో బుద్ధిగా నిలబడుతుంది, పిల్లలతో బంగారం. సమస్యల్లా ఒక్కటే, నోటికి ఏదైనా చిక్కిందంటే వదలదు. సాక్స్, టీవీ రిమోట్, మా అత్తయ్య బీపీ మాత్రల అట్ట, రోడ్డు మీద బొమికలు, ఏదైనా సరే. ఈ ట్రైనర్‌ని మేం పిలిచింది ఆ ఒక్క పని కోసమే, చెప్పగానే నోట్లో ఉన్నది కింద పెట్టేయడం నేర్పించడానికి.

హైదరాబాద్‌లో కుక్కని పెంచేవాళ్లకి ఇది ఎంత అవసరమో తెలుసు. బిర్యానీ సెంటర్ ఉన్న ప్రతి సందులోనూ చెత్తకుప్ప చుట్టూ ఉడికిన చికెన్ బొమికలు పడి ఉంటాయి, ఉడికిన బొమిక కొరికితే మొనదేలిన ముక్కలుగా చీలిపోతుంది, గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటే ఇక హాస్పిటలే. ఎండాకాలం వచ్చిందంటే మామిడి టెంకలు. టెంక మింగితే పేగులో అడ్డం పడుతుంది, చాలాసార్లు ఆపరేషన్ చేసి తీయాల్సిందే. సంక్రాంతికి మాంజా దారం ముక్కలు. ఇంట్లో ఇంకా భయం, మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్, నొప్పులకి వేసుకునే ఐబుప్రొఫెన్ రెండూ కుక్కలకి విషం. షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ కుక్క రక్తంలో చక్కెరని ఒక్కసారిగా పడేస్తుంది. పాయసంలో వేసే ఎండుద్రాక్ష కూడా కిడ్నీల మీద దెబ్బ కొట్టొచ్చు. ఇలాంటిది ఏదైనా నోట్లో పడ్డాక మన చేతిలో ఉండేది కొన్ని క్షణాలే, ఆ కాస్త సమయంలో కుక్క మన మాట వింటుందా, లేక మనల్ని చూడగానే గబుక్కున మింగేస్తుందా అన్నదే అసలు విషయం.

ఈయన కంటే ముందు ఇంకో ట్రైనర్ వచ్చాడు. పేరు రాయను. లాగితే కుక్క మెడకి బిగుసుకునే చోక్ చైన్ పట్టుకుని వచ్చాడు, వచ్చిన రోజే మల్లి నోట్లో చెప్పు చూసి, దాని పై పెదవిని పళ్ల మీదికి నొక్కి నోరు తెరిపించి లాగేశాడు. "ఓనర్ ఎవరో దానికి అర్థం కావాలి మేడమ్" అన్నాడు. పైకి చూస్తే పని అయిపోయినట్టే ఉంది, చెప్పు చేతికొచ్చింది కదా. కానీ ఆ తర్వాత మల్లి ప్రవర్తన మారిపోయింది. అంతకుముందు ఏదైనా దొరికితే నోట్లో పెట్టుకుని మా ముందే తోక ఊపుకుంటూ తిరిగేది, ఇప్పుడు నేరుగా దివాన్ కింద దూరిపోవడం మొదలుపెట్టింది. మనం వంగి చూస్తే నమలడం ఆపేసి, తల కదపకుండా కళ్లు మాత్రం పక్కకి తిప్పి చూసేది, కంట్లో తెల్లటి భాగం కనిపించేలా. ఒళ్లంతా బిగుసుకుపోయేది. ఒక రాత్రి మావారు సాక్స్ కోసం చెయ్యి పెడితే గుర్రుమంది. అదివరకెప్పుడూ గుర్రుమనని కుక్క. మర్నాడే ఫోన్ చేసి ఆ ట్రైనర్‌ని ఇక రావద్దని చెప్పేశాం.

ఇది మల్లి ఒక్కదానికే జరిగింది కాదు. 2009లో అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వెటర్నరీ వాళ్లు, కుక్క ప్రవర్తన బాగాలేదని తమ దగ్గరికి వచ్చిన ఓనర్లని అడిగి ఒక స్టడీ రాశారు, మొత్తం 140 మంది సమాధానాలు. ఇంట్లో ఏ పద్ధతి వాడితే కుక్క తిరగబడింది అన్నది లెక్క తీశారు. నోట్లోంచి వస్తువు బలవంతంగా లాక్కోవడం ప్రయత్నించిన వాళ్లలో 39 శాతం మందికి కుక్క దూకుడుగా తిరగబడిందట, కొట్టడం, తన్నడం చేసిన వాళ్లలో 43 శాతం. అంటే నోరు తెరిచి లాక్కోవడానికీ కొట్టడానికీ కుక్క దృష్టిలో పెద్ద తేడా లేదు. "రెండు తగిలిస్తే దారికొస్తుంది" అని చెప్పే ట్రైనర్లు మన దగ్గర ఇంకా చాలామంది ఉన్నారు, డబ్బులు కట్టేముందు ఈ అంకెలు గుర్తుంచుకోండి.

ఇక అసలు రివ్యూకి వస్తా. ఫోన్ చేసినప్పుడే నాకు నమ్మకం కుదిరింది, ఎందుకంటే ఫీజు మాట ఎత్తకముందే ఈయన ప్రశ్నలు అడిగారు. ఎప్పుడైనా కరిచిందా, కరిస్తే చర్మం తెగిందా, తినేటప్పుడు గిన్నె దగ్గరికి వెళ్తే ఏం చేస్తుంది, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా, రేబిస్ టీకా కార్డు ఉందా, ఫొటో పంపండి అన్నారు. ఉన్నట్టుండి చిరాకు మొదలైందంటే పంటి నొప్పో చెవి నొప్పో ఉండొచ్చు, క్లాసు కంటే ముందు ఒకసారి డాక్టర్‌కి చూపించుకుని రండి అక్కా అని చెప్పారు. చూపించాం, పళ్లు, చెవులు అన్నీ బాగానే ఉన్నాయన్నారు. క్లాసు అమ్ముకునే తొందరలో ఉన్న మనిషి ఆ మాట చెప్పడు.

నేనూ ఒక ప్రశ్న అడిగాను. "క్లాసులో కుక్క గుర్రుమంటే మీరేం చేస్తారు?" అని. ఆగిపోతాను, వెనక్కి జరుగుతాను, నేను ఎక్కడ తొందరపడ్డానో చూసుకుంటాను అన్నారు. గుర్రుమనడం అంటే అది మనకి ఇస్తున్న హెచ్చరిక, దాన్ని తిట్టి మాన్పిస్తే హెచ్చరిక పోతుంది గానీ భయం పోదు, ఈసారి చెప్పాపెట్టకుండా కరుస్తుంది అన్నారు. ఎవరిని పెట్టుకున్నా మీరు ఈ ప్రశ్న తప్పకుండా అడగండి. మన దగ్గర డాగ్ ట్రైనర్ అని ఎవరైనా చెప్పుకోవచ్చు, అడ్డుకునేవాళ్లు లేరు, కాబట్టి ఆ వడపోత మనమే చేసుకోవాలి.

మొదటి క్లాసు చూసి మా అత్తయ్య అయితే "ఇదేం ట్రైనింగమ్మా, ఊరికే చికెన్ పెడుతున్నాడు" అంది. నిజంగానే మొదట్లో మల్లి నోట్లో ఏ వస్తువూ పెట్టలేదు. ఉడకబెట్టిన చికెన్‌ని పప్పుబద్దంత ముక్కలు చేసి నడుముకి కట్టుకున్న చిన్న సంచిలో వేసుకున్నారు. మల్లి హాల్లో ఊరికే నిలబడి ఉంటే "డ్రాప్" అన్నారు, మామూలు గొంతుతోనే, తర్వాత ఒక క్షణం ఆగి, చెయ్యి సంచిలో పెట్టి, నాలుగైదు ముక్కలు నేల మీద చల్లారు. కుక్క తింటుంటే పక్కనే కూర్చుని, ఇదిగో ఇక్కడొకటి, అక్కడొకటి అని వేలితో చూపిస్తూ ఉన్నారు. మళ్లీ కాసేపాగి అదే. అంతే, మొదటి క్లాసు మొత్తం అదే. ఇంగ్లండ్‌లో చిరాగ్ పటేల్ అనే ట్రైనర్ ఈ పద్ధతిని బాగా ప్రచారం చేశారని, తను కూడా అక్కడి నుంచే నేర్చుకున్నానని చెప్పారు. కనిపెట్టింది నేనే అని డప్పు కొట్టుకోకపోవడం నాకు నచ్చింది.

అయితే ఇందులో ప్రతి చిన్నదానికీ కారణం ఉంది, ఈయన గొప్పతనం అంతా ఆ కారణాలు మాకు విడమరిచి చెప్పడంలోనే ఉంది. చికెన్ ముక్క చేత్తో నోటికి ఎందుకు అందించకూడదు? అందిస్తే కుక్క ఒక్క గుటకలో మింగేసి వెంటనే కింద పడ్డ వస్తువు మీదికి వెళ్తుంది, మన చెయ్యి, దాని నోరు ఒకేసారి దాని మీద పడతాయి, పోటీ మొదలవుతుంది. నేల మీద చల్లితే తల దించి వెతుక్కోవాలి, నోరు తెరవకుండా తినలేదు కాబట్టి పట్టుకున్నది దానంతటదే జారిపోతుంది, అది వెతుక్కునే లోపు మనం ప్రశాంతంగా వస్తువు తీసుకోవచ్చు. వేలితో చూపించడం ఎందుకు? మనిషి చెయ్యి దగ్గరికొస్తే ఏదో పోతుందని కాకుండా ఇంకేదో దొరుకుతుందని దానికి అలవాటు కావాలి. మల్లికి సరిగ్గా ఇదే కావాలి, ఎందుకంటే మొదటి ట్రైనర్ పుణ్యమా అని చెయ్యి కనిపిస్తేనే బిగుసుకుపోయే స్థితిలో ఉంది.

మాట ముందు, చెయ్యి తర్వాత. ఈ ఒక్కదాని మీద ఈయన మాతో ఎంత పట్టుబట్టారో చెప్పలేను. మనకి తెలియకుండానే మాట అంటూ అంటూ చెయ్యి సంచి వైపు పోతుంది, అప్పుడు కుక్క వినేది మాటని కాదు, చూసేది చేతిని. చేతిలో చికెన్ లేని రోజు మాట పనిచేయదు. మావారిని రెండు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడమని, మాట అనేసి, మనసులో ఒకటి లెక్కపెట్టుకుని అప్పుడు చెయ్యి తీయమన్నారు. అలాగే తిండి చూపించి బతిమాలడం వద్దన్నారు. ముందు చికెన్ చూపిస్తే కుక్క బేరం ఆడటం నేర్చుకుంటుంది, ఏం చూపిస్తావో చూసి వదలాలా వద్దా అని ఆలోచిస్తుంది. వదిలాక రావాలి ఏదైనా. ఇంట్లో అందరూ ఒకే మాట అనాలని కూడా చెప్పారు, అప్పటిదాకా తలా ఒకటి అనేవాళ్లం, ఇప్పుడు మా మామయ్యతో సహా అందరికీ "డ్రాప్" ఒక్కటే.

తర్వాతి క్లాసుల్లో మెట్లు మెట్లుగా వస్తువులు వచ్చాయి. ముందు దానికి ఏమాత్రం ఇష్టం లేనివి, అట్టముక్క, ఖాళీ ప్లాస్టిక్ డబ్బా. ఆ తర్వాత దాని బంతి. ఆ తర్వాత తాడు బొమ్మ. చివర్లో సాక్స్, నమిలే బొమికలు. ఒక మెట్టు మీద తడబడితే తిట్టకుండా కింది మెట్టుకి వచ్చేయడమే. సాక్స్ దగ్గర మల్లి బాగా ఇబ్బంది పెట్టింది, మాట వినగానే చికెన్ వైపు చూసేది, చూస్తూనే పళ్లు ఇంకా బిగించేది. అప్పుడు ఈయన దగ్గరికి వెళ్లలేదు, ఇంకోసారి మాట అనలేదు. ఇంకాస్త దూరంగా, ఇంకాస్త ఎక్కువ చల్లి, పక్కకి తిరిగి నిలబడ్డారు. మల్లి ఆయన్ని చూసింది, చికెన్‌ని చూసింది, నోట్లో సాక్స్‌తోనే రెండడుగులు నడిచింది, మూతి నేలకి ఆనించి వాసన చూసింది, అప్పుడు పెదవి మూల వదులైంది. సాక్స్ సగం జారి ఒక పంటికి వేలాడింది, దాన్ని అదే విదిలించుకుంది. నేను పట్టలేక చప్పట్లు కొట్టబోతే వద్దని చేత్తో ఆపారు.

ఆ తర్వాత ఆయన చేసిన పని మా ఇంట్లో అందరినీ ఆశ్చర్యపరిచింది. సాక్స్ తీసుకుని, ఒకసారి చూసి, మళ్లీ మల్లికే ఇచ్చేశారు. మా అబ్బాయి "అదేంటంకుల్, మళ్లీ ఇచ్చేశారేంటి" అన్నాడు. వదిలిన ప్రతిసారీ వస్తువు పోతే కుక్క ఎందుకు వదులుతుంది చెప్పు అన్నారు. ప్రమాదం లేని వస్తువైతే ప్రాక్టీసులో చాలాసార్లు తిరిగి ఇచ్చేయాలి, వదిలితే చికెన్ వస్తుంది, నాది కూడా నాకు వస్తుంది అని దానికి గట్టిగా నమ్మకం కుదరాలి. బ్యాంకులో డబ్బులు వేసుకున్నట్టు ఆ నమ్మకాన్ని మామూలు రోజుల్లో కూడబెట్టుకుంటే, నిజంగా మాత్రల అట్ట నోట్లో పడిన రోజు ఒక్కసారి తీసుకోవచ్చు అన్నారు. తిరిగి ఇవ్వలేనిదైతే దాని బదులు దానికి బాగా ఇష్టమైనది ఇంకొకటి ఇవ్వాలి, ఉత్త చేతులతో పంపకూడదు. ప్రాక్టీసు క్లాసు కోసం వాడిన ఆ సాక్స్ జత మాత్రం వేరే డబ్బాలో పెట్టమన్నారు, పాతవి కదా అని బట్టలతో బొమ్మలు చేసి ఇవ్వొద్దన్నారు, ఎందుకంటే ఏది పాతదో ఏది కొత్తదో కుక్కకి తెలియదు.

తాడు లాగుడు ఆట గురించి కూడా రాయాలి, ఎందుకంటే ఆ ఆట ఆడితే కుక్క మొండిగా తయారవుతుందని నాకు చాలామంది చెప్పారు. ఈయన దానికి పూర్తి విరుద్ధం. వదలడం నేర్పించడానికి లాగుడు ఆటని మించింది లేదన్నారు, అయితే ఆడే పద్ధతి ఉంది. కాసేపు లాగనివ్వాలి, తర్వాత తాడుని మన తొడకి ఆనించి కదలకుండా పట్టుకోవాలి. అటు లాగకూడదు, ఇటు ఊపకూడదు, మాట్లాడకూడదు. కదలని తాడు కుక్కకి బోరు. పట్టు సడలుతుందనిపించినప్పుడు మాట అనాలి, వదలగానే "పట్టు" అని ఆట మళ్లీ మొదలుపెట్టాలి. ఇక్కడ చికెన్ అవసరమే లేదు, ఆటే బహుమతి. మా అబ్బాయి ఏడో తరగతి, వాడికి ఇది బాగా పట్టుబడింది, సాయంత్రం స్కూలు నుంచి రాగానే కారిడార్‌లో ఇదే ఆట. పళ్లు చేతికి తగిలితే మాత్రం ఆట అక్కడితో ఆపేయాలి, కోపంగా కాదు, తాడు అక్కడ పెట్టేసి లేచి వెళ్లిపోవడమే.

పిల్లల విషయంలో ఈయన చాలా కచ్చితంగా ఉన్నారు. ఆట తాడు, బంతి వరకే వాడికి అనుమతి. తినే వస్తువు, బొమిక, దొంగిలించి తెచ్చుకున్నది ఏదైనా నోట్లో ఉంటే పిల్లలు దగ్గరికి వెళ్లకూడదు, పెద్దవాళ్లని పిలవాలి. ఇది ఆయన వాడికి నేరుగా చెప్పి, వాడి చేతే మళ్లీ చెప్పించుకున్నారు. వెంటపడటం కూడా అందరికీ నిషేధమే. కుక్క వెంట మనం పరిగెత్తితే దానికి అదొక ఆట, రిమోట్ ఎత్తుకెళ్తే ఇంటిల్లిపాదీ వెంట వస్తారని అర్థమైతే రోజూ ఎత్తుకెళ్తుంది.

మరి నిజంగా పనిచేసిందా అంటే, ఒకటి చెప్తాను. మా మామయ్యకి చెవి మిషన్ ఉంది. మధ్యాహ్నం పడుకునేముందు తీసి టీపాయ్ మీద పెడతారు. చెవి వాసన ఉంటుంది, ఒక్కోసారి సన్నగా కీచుమని శబ్దం చేస్తుంది, కుక్కలకి ఆ రెండూ ఆకర్షణే, పైగా లోపల చిన్న బ్యాటరీ ఉంటుంది, కొరికి మింగితే లోపల కాలిపోతుంది. మల్లి దాన్ని ఎత్తుకుంది. హాల్లో మా అత్తయ్య ఒక్కతే ఉంది, కొబ్బరి తురుముతోంది. క్లాసుల్లో ఆవిడ సోఫాలో కూర్చుని చూడటమే తప్ప ఎప్పుడూ చేయలేదు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి ఆవిడ కూర్చున్నచోటి నుంచి లేవకుండా, అరవకుండా, "డ్రాప్" అని, ఒక క్షణం ఆగి, చేతిలో ఉన్న కొబ్బరి ముక్కలు నేల మీద చల్లేసింది. మల్లి అక్కడే నోరు తెరిచింది. మిషన్ గచ్చు మీద టక్కుమని పడింది, దాని మీది నుంచి మూతి దాకా సన్నటి చొంగ తీగ. అది కొబ్బరి ఏరుకుంటుంటే ఆవిడ ఇంకో ముక్క కాస్త దూరంగా చూపించి, మెల్లగా వంగి మిషన్ తీసి కొంగున ముడేసుకుంది. తర్వాత లోపలికెళ్లి నమిలే బొమ్మ తెచ్చి మల్లికి ఇచ్చింది. ఎవరూ చెప్పలేదు. ఇంట్లో అందరికీ అర్థమయ్యేలా నేర్పించడం అంటే ఇది, అందుకే ఈ ట్రైనర్ అంటే నాకు అంత గౌరవం.

ఇప్పుడు ఆ తగ్గించిన స్టార్ సంగతి. మొదటిది బయట ప్రాక్టీసు. ఇంట్లో ఎంత బాగా వదిలినా రోడ్డు మీద బొమిక ముందు అది వేరే కుక్క. బయటికి లీష్‌తో వెళ్లడం, కింద పడ్డదాన్ని అసలు నోట్లోకే తీసుకోకుండా వదిలేయడం, ఇవన్నీ వేరే పాఠం. ప్యాకేజీలో బయట నడక ఉందని చెప్పారు, ఉంది కూడా, కానీ చివర్లో హడావిడిగా, అపార్ట్‌మెంట్ గేటు దగ్గరే అయిపోయింది. బిర్యానీ సెంటర్ పక్క సందులోకి తీసుకెళ్లి, కాస్త దూరం నుంచి మొదలుపెట్టి చేయించి ఉంటే బాగుండేది. మల్లి ఇప్పటికీ బయట పది బొమికల్లో ఎన్ని వదులుతుందో నేను ధైర్యంగా చెప్పలేను. మూతికి బుట్ట వేసి తీసుకెళ్లమని, నోరు తెరిచి రొప్పడానికి, నీళ్లు తాగడానికి వీలుండే బుట్ట రకం కొనమని సలహా ఇచ్చారు, అది మంచిదే, వాడుతున్నాం, కానీ డబ్బు కట్టింది నేర్పించడానికి కదా.

రెండోది టైము. సాయంత్రం ఆరు అంటే ఆరున్నర. కూకట్‌పల్లి ట్రాఫిక్ నాకూ తెలుసు, ఒప్పుకుంటాను, కానీ క్లాసు ముందు కుక్కకి కడుపు నిండా పెట్టొద్దని చెప్పేది ఆయనే, ఆకలితో ఉన్న కుక్క అరగంట ఎదురుచూసి చిరాకు పడుతుంది. ఒక మెసేజ్ పెడితే సరిపోయేది. మూడోది, ఫీజు మొత్తం ముందే కట్టాలి. అలా కాకుండా ఒక క్లాసు చూసి నిర్ణయించుకునే వీలుండాలి, ముఖ్యంగా మాలాగా ఇంతకుముందు ఒకరి చేతిలో నష్టపోయిన వాళ్లకి. ఆయనకి ఈ మాట నేరుగా కూడా చెప్పాను, ఆలోచిస్తానన్నారు.

నోట్స్ వాట్సాప్‌లో పంపుతారు, మొదట ఇంగ్లీషులో పంపారు, అత్తయ్య మామయ్య కోసం తెలుగులో వాయిస్ మెసేజ్ పంపమంటే ఆ రోజు రాత్రికే పంపారు. మీరు కూడా మొదటి రోజే అడిగి తీసుకోండి. కుక్కకి నేర్పేది రోజుకి గంట సేపు క్లాసులో కాదు, మిగతా ఇరవై మూడు గంటలు ఇంట్లో ఉండేవాళ్లు.

ఖర్చు గురించి అడుగుతారు కాబట్టి, వస్తువులకి పెద్దగా ఏమీ అవ్వలేదు. తన దగ్గర ఏదీ కొనమనలేదు. ఒక కాటన్ తాడు బొమ్మ, లోపల తిండి పెట్టే రబ్బరు బొమ్మ ఒకటి, సంచి. ట్రీట్ల ప్యాకెట్లు కొనక్కర్లేదన్నారు, ఉప్పూ కారం ఉల్లిపాయ లేకుండా ఉడికించిన చికెన్, పనీర్, ఉడికించిన గుడ్డు, క్యారెట్ చాలు. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కలకి పడవు, కాబట్టి కూరలోంచి తీసిన ముక్క కడిగి పెట్టడం కుదరదు. రోజు మొత్తం తిండిలో ఇలాంటివి పది శాతం దాటకూడదని, ప్రాక్టీసు ఎక్కువైన రోజు రాత్రి గిన్నెలో తగ్గించమని చెప్పారు. అది పాటించాం, మల్లి బరువు పెరగలేదు. మాట బాగా కుదిరాక ప్రతిసారీ చికెన్ ఇవ్వక్కర్లేదు, ఒక్కోసారి తిండి, ఒక్కోసారి ఆట, ఒక్కోసారి అదే వస్తువు తిరిగి ఇవ్వడం. అయితే తిండి పూర్తిగా మానేయొద్దన్నారు, సంబరంగా ఒక్కోసారి గుప్పెడు ఇవ్వాలట.

ఇంకో విషయం కూడా ఈయన మొదట్లోనే చెప్పారు, ఇది మాత్రం ఏ ట్రైనర్ దగ్గరికి వెళ్లినా వెళ్లకపోయినా తెలిసి ఉండాలి. అప్పటికే మింగేసి ఉంటే ట్రైనింగ్ ఏమీ చేయలేదు, తిన్న దాని అట్ట పట్టుకుని వెంటనే డాక్టర్ దగ్గరికి. ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించొద్దు, ఉప్పే ప్రమాదం. నోట్లోంచో వెనక నుంచో దారం వేలాడుతుంటే లాగొద్దు, లోపల పేగుని కోసేస్తుంది. మరి ఊపిరాడనట్టుంటే, గొంతు పట్టేసినట్టుంటే అప్పుడు మాట, చికెన్ అంటూ ఆగకూడదు, అది అత్యవసరం. దగ్గర్లో రాత్రిపూట తెరిచి ఉండే పెట్ హాస్పిటల్ నంబర్ ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోమన్నారు, పెట్టుకున్నాం.

ఎవరికి సరిపోతుంది అంటే, మీ కుక్క వస్తువులు ఎత్తుకెళ్లి పారిపోతున్నా, పట్టుకుని వదలకపోయినా, కాస్త బిగుసుకుంటున్నా ఈయన్ని ధైర్యంగా పిలవొచ్చు. పిల్ల కుక్క అయితే ఇంకా మంచిది, పాల పళ్లు ఊడి కొత్త పళ్లు వచ్చే నెలల్లో ఎలాగూ అన్నీ కొరుకుతాయి, అప్పుడే మొదలుపెడితే బిగుసుకోవడం అనేదే రాకుండా పోతుంది. లాబ్రడార్లు ఉన్నవాళ్లు కూడా, అవి పుట్టుకతోనే నోట్లో పట్టుకు తిరిగే జాతి, తిడితే మానవు. కానీ ఇప్పటికే ఇంట్లో ఎవరినైనా గాయమయ్యేలా కరిచి ఉంటే ముందు వెటర్నరీ డాక్టర్‌ని కలవండి, ఈయన కూడా ఫోన్‌లో అదే చెప్తారు, అలాంటి కేసులు ఒక్కడినే తీసుకోను అన్నారు. పది రోజుల్లో కుక్క మారిపోవాలి అనుకునేవాళ్లకి కూడా ఈయన నచ్చరు, మాకు ఫలితం కనిపించడానికి అంతకంటే చాలా ఎక్కువే పట్టింది, ఇంట్లో ప్రాక్టీసు మానేసిన వారం వెనక్కి కూడా వెళ్లింది.

మేం బయట క్లాసులు విడిగా మళ్లీ తీసుకుంటున్నాం, ఈసారి గేటు దగ్గర కాదు, మెయిన్ రోడ్డు పక్క సందులోనే అని ముందే మాట్లాడుకున్నాం. అది ఎలా జరిగిందో ఈ రివ్యూలోనే కింద కలుపుతాను, స్టార్ పెంచాల్సి వస్తే పెంచుతాను. బుక్ చేసుకునేవాళ్లు శని ఆదివారాలు అడగకండి, ఖాళీ దొరకదు, వారం మధ్యలో పొద్దున పూట అడిగితే టైముకి వస్తారు, ట్రాఫిక్ గొడవా ఉండదు.